టమాటా కోయలేని జేబు చాకు: తిండి పనికి ఏది తీసుకోవాలి?

#1 టమాటా_బాధితుడు

నమస్తే అండీ. ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

ఆఫీసుకి రోజూ పండ్లు, పచ్చి కూరగాయలు పట్టుకెళ్లి అక్కడే కోసుకుని తినడం నాకు అలవాటు. ప్రయాణాల్లోనూ అంతే. అందుకని రెండు నెలల కిందట ఒక మడత చాకు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లదో నాదో ఇంకా తేలలేదు. నల్ల పూత, డీ2 స్టీలు, వేలు తగిలితే టక్కున తెరుచుకుంటుంది. చేతిలో బరువుగా, దర్జాగా ఉంటుంది. పదునుకి లోటు లేదు, ముంజేతి మీద వెంట్రుకలు గొరిగేస్తోంది.

తీరా టమాటా మీద పెడితే తొక్క చక్కగా తెగుతుంది. అక్కణ్నించి కిందికి దిగేకొద్దీ ముక్కలు రెండు పక్కలా ఒత్తుకుపోయి గింజలూ రసమూ బల్ల మీదికి వచ్చేస్తాయి. క్యారెట్ ఇంకా ఘోరం. సగం దాకా దిగి ఠప్పుమని విరిగింది. తెగలేదండీ, విరిగింది. ఆ ముక్క ఎగిరి పక్క సీటు మేడమ్ కీబోర్డు మీద పడింది. ఆవిడ ఏమీ అనలేదు. అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

ఇంత పదునున్న చాకు ఎందుకిలా చేస్తోంది? స్టీలు మారిస్తే బాగుపడుతుందా?

#2 మడతచాకు

డీ2 తీసుకుంటే అంతే బ్రదర్. అందులో తుప్పు ఆపే క్రోమియం 12 శాతం దాకా ఉన్నా చాలా భాగం కార్బైడ్లలో (కార్బన్‌తో కలిసి ఏర్పడే గట్టి రేణువుల్లో) ఇరుక్కుపోతుంది, నిమ్మరసం తగిలితే మచ్చలు పడతాయి. ఎస్30వీ స్టీలు గానీ మాగ్నాకట్ స్టీలు గానీ తీసుకోండి, మళ్లీ వెనక్కి చూడక్కర్లేదు.

#3 సానరాయి

మచ్చల సంగతి నిజమే. కానీ ఆయన అడిగింది మచ్చల గురించి కాదు కదా.

టమాటా గారూ, మీ చాకుకి పదును ఉంది. తొక్క తెగడమే దానికి సాక్ష్యం. మీ తిప్పలన్నీ ఆ తర్వాత మొదలవుతున్నాయి. పదును అంటే బ్లేడుకి ఆ చివర ఉన్న సన్నటి గీత ఒక్కటే. ఆ గీత తెరిచిన సందులోంచి వెనకున్న ఉక్కు అంతా దూరాలి. ఆ ఉక్కు మందంగా ఉంటే మెత్తటి వస్తువు నలుగుతుంది, గట్టి వస్తువు పగులుతుంది. మీ టమాటాదీ క్యారెట్‌దీ రెండు రోగాలు కావు, ఒకటే. గొడ్డలి కట్టెని కోయదు, దూరి చీలుస్తుంది. మీ చాకు చేస్తున్నదీ అదే.

స్టీలు మారిస్తే పదును ఎన్నాళ్లు నిలుస్తుందో మారుతుంది, తుప్పు సంగతి మారుతుంది. క్యారెట్‌కి మాత్రం లోపల దూరుతున్నది డీ2నా మాగ్నాకట్టా అన్నది తెలియదు. ఎంత లావుది దూరుతోందో తెలుస్తుంది.

వెర్నియర్ కాలిపర్స్ దొరికితే మూడు కొలతలు తీసి చెప్పండి. వెన్ను (పదునుకి ఎదుటి అంచు) దగ్గర మందం, బ్లేడు వెడల్పు, పదును నుంచి ఎంత ఎత్తుకి బ్లేడు పూర్తి మందానికి చేరుకుంటోంది.

#4 టమాటా_బాధితుడు

ఆఫీసులో మెకానికల్ వాళ్ల దగ్గర కాలిపర్స్ అడిగి తెచ్చా. "ఏం కొలుస్తావ్" అంటే "చాకు" అన్నా. ఒకలా చూశారు.

వెన్ను 3.6 మి.మీ. వెడల్పు 26 మి.మీ. కింద నుంచి 12 మి.మీ. దాకా వాలుగా ఉంది, ఆ పైన వెన్ను వరకూ పలకలా సమంగానే ఉంది.

#5 సానరాయి

దొంగ దొరికాడు. సగం ఎత్తు దాకా కూడా వాలు లేదు. దీన్ని సాబర్ గ్రైండ్ అంటారు. మొన విరక్కుండా, చెక్క చెక్కినా తట్టుకునేలా చేసిన రకం.

లెక్క చూడండి. మీ బ్లేడు క్యారెట్‌లోకి 12 మి.మీ. దిగేసరికి సందులో 3.6 మి.మీ. ఉక్కు ఇరుక్కుంది. అదే వెన్ను 2 మి.మీ. ఉండి, వెన్ను నుంచి పదును దాకా ఒకే వాలుగా దిగే 22 మి.మీ. బ్లేడు అనుకోండి. అది 12 మి.మీ. దిగినప్పుడు అక్కడ మందం దాదాపు 1.1. మూడో వంతు కన్నా తక్కువ. ఇంకా దిగినా రెండు దాటదు. అందుకే క్యారెట్ పగలదు, తెగుతుంది.

ఇంకో కొలత కూడా ఉంది, అసలు కీలకం అదే. సాన పట్టిన గీత ఎక్కడ మొదలవుతుందో ఆ చోట మందం ఎంత అని. వంటింటి కత్తుల్లో అది 0.2, 0.3 మి.మీ. ఉంటుంది. మోటు పనికి చేసిన మడత చాకుల్లో 0.6, 0.7 కూడా చూశాను. కంపెనీల వాళ్లు స్టీలు పేరు పెట్టె మీద పెద్దక్షరాల్లో వేస్తారు గానీ ఈ అంకె మాత్రం ఎక్కడా వేయరు.

#6 మడతచాకు

నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. నా దగ్గర స్పైడర్కో పారామిలిటరీ 2 ఉంది. వెన్ను 3.7 మి.మీ., ఈయన దానికంటే లావు. రోజూ ఆపిల్ కోస్తా, ఉల్లిపాయ తరుగుతా. శుభ్రంగా తెగుతాయి.

#7 సానరాయి

తెగుతాయి. ఎందుకంటే మీదానికి వాలు వెన్ను దాకా పూర్తిగా ఉంటుంది. ఫుల్ ఫ్లాట్ గ్రైండ్. వెన్ను లావైనా కింద సగం పలచగానే ఉంటుంది. ఆపిల్ సగానికి పైగా దిగాక కొంచెం బిగుసుకోవడం మీరు గమనించే ఉంటారు, అది ఆ 3.7 చేసే పనే. అదే కంపెనీ చాపరల్ అనే చాకు వెన్ను 2 మి.మీ. రెండూ పక్కపక్కన పెట్టి గట్టి చీజ్ కోసి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

అంటే వెన్ను మందం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని ఒప్పుకుంటా. మందం, వాలు కలిపి చూడాలి.

#8 మడతచాకు

చీజ్ పరీక్ష చేశా. ఇంకేం మాట్లాడను. 😶

#9 పొయ్యిదగ్గర

పదకొండేళ్లుగా వంట చేసి బతుకుతున్నదాన్ని, ఒక మాట చెప్పనా? మందం, వాలు అని కొట్టుకుంటున్నారు గానీ మడత చాకుతో అసలు బాధ చేతి వేళ్లది.

వంటింటి కత్తికి బ్లేడు పిడి కంటే కిందికి దిగి ఉంటుంది. అందుకే పిడి పట్టుకున్న వేళ్లకీ కోసే చెక్కకీ మధ్య ఖాళీ ఉంటుంది. మడత చాకు పిడిలోకి ముడుచుకోవాలి కాబట్టి దానికి ఆ వీలు లేదు. బ్లేడు చెక్కని పూర్తిగా తాకేలోపే మీ కణుపులు చెక్కకి కొట్టుకుంటాయి. దాంతో ఉల్లిపాయ ముక్కలు అడుగున తెగకుండా పూసల దండలా వేలాడతాయి. చాకు మొద్దుదని అనుకుంటారు, పాపం దాని తప్పు కాదు.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, కోసే చెక్కని బల్ల అంచుకి జరిపి, పిడి పట్టిన చెయ్యి అంచు బయట ఉండేలా నిలబడటం. రెండోది నేను చేసేది: మొనని చెక్క మీద ఆనించి, పిడి కాస్త పైకెత్తి, చాకుని నా వైపుకి లాగుతా. పైనుంచి నొక్కడం అసలు ఉండదు, అంతా లాగుడే. పలచటి బ్లేడుని అలా లాగితే కీరా ముక్కలు కాగితాల్లా వస్తాయి.

ఈ పద్ధతికి బ్లేడు పొడవు కనీసం 8 సెం.మీ. ఉండాలి. 6 సెం.మీ. వాటితో ఆపిల్‌ని ఒక్క లాగులో రెండు చేయలేరు, చుట్టూ తిప్పాలి.

చేతిలో పట్టుకుని బొటనవేలి వైపుకి కోసే అలవాటుంటే మానేయమని చెప్పను, నేనూ చేస్తా. కానీ కొత్త చాకుతో మొదటి వారం వద్దు.

#10 టమాటా_బాధితుడు

పూసల దండ! సరిగ్గా అదే అవుతోంది. నేను పదును తగ్గిందనుకుని మళ్లీ సాన పట్టిస్తున్నా.

అయితే ఇప్పుడు లెక్క తేలింది: పలచటి బ్లేడు, వెన్ను దాకా వాలు, 8 సెం.మీ. పైన. ఏవి చూడమంటారు? ఒపినెల్ అనే చాకు బాగుంటుందని బయట అందరూ అంటున్నారు. స్విస్ చాకులు సరిపోవా?

#11 తుప్పు_తాతయ్య

బాబూ, ఒపినెల్ నంబర్ 8 తీసుకో, గోల వదిలిపోతుంది. బ్లేడు 8.5 సెం.మీ. నా దాని వెన్ను కొలిస్తే 1.6 మి.మీ. వచ్చింది. ఫ్రాన్స్‌లో సవాయ్ కొండల్లో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన రైతుల కోసం చేసిన చాకు. పొలంలో రొట్టె, చీజ్ కోసుకు తినడానికి పుట్టింది, అదే నీ పని కూడా. పిడి మెడ దగ్గర తిరిగే ఉంగరం ఉంటుంది చూడు, విరోబ్లాక్ అంటారు, అది 1955లో వచ్చింది. తెరిచి తిప్పితే బ్లేడు కదలదు. 2000 నుంచి వస్తున్నవాటికి మూసినప్పుడు కూడా లాక్ పడుతుంది.

కార్బన్ స్టీలుదే తీసుకో. నాలుగు లాగులు సానరాయి మీద లాగితే మళ్లీ పదును. నాది నల్లబడి నాలుగు రంగులు తిరిగింది. నాలాగే.

#12 నిమ్మచెక్క

తాతయ్యా, మీ మీద గౌరవంతోనే కాదంటున్నా. 😄

తిండికి మాత్రమే వాడే చాకు అయితే కార్బన్ ఎందుకు? నేను రెండేళ్లు వాడాను. కొత్తలో ఆపిల్ కోస్తే కోసిన చోట బూడిదరంగు మరకలు. ఆపిల్‌లోని పాలిఫినాల్స్ ఇనుముతో కలిస్తే అలా నల్లబడుతుంది. తింటే ప్రమాదమేం లేదు, నోట్లో ఇనప రుచి మాత్రం తెలుస్తుంది. నిమ్మకాయ కోసి తుడవకుండా పది నిమిషాలు పక్కన పెడితే బ్లేడు మీద దాని బొమ్మ పడిపోయేది. ఇంట్లో అయితే వెంటనే కడుక్కుంటాం. ఆఫీసులో ఫోన్ వస్తే?

అదే నంబర్ 8 స్టెయిన్‌లెస్‌లోనూ వస్తుంది. అంతే పలచన, అంతే పొడవు. ఆయనకి అది చాలు.

#13 తుప్పు_తాతయ్య

ఫోన్ వచ్చినా ముందు చాకు తుడవాలమ్మా. అదే పద్ధతి.

సరే, ఆఫీసు మనిషికి స్టెయిన్‌లెస్ అంటే ఒప్పుకున్నా. పాటినా (వాడేకొద్దీ పట్టే నల్లటి పొర) పట్టాక ఆ రుచి బాగా తగ్గుతుందని మాత్రం రాసి పెట్టుకో.

#14 గుండ్రాయి

చెక్క పిడి గురించి ఎవరూ హెచ్చరించలేదేం? చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. నా చెక్కపిడి చాకుని ఒకసారి గిన్నెలతో పాటు సబ్బు నీళ్లలో రాత్రంతా వదిలేశా. పూర్తిగా నా తప్పే. పొద్దున బ్లేడు బయటికి రాదు. గోరు గాడిలో పెట్టి లాగితే గోరు వచ్చేలా ఉంది గానీ బ్లేడు రాలేదు. మూడు రోజులు నీడలో ఆరబెడితే అప్పుడు కదిలింది.

బిగుసుకున్న బ్లేడుని బయటికి రప్పించడానికి సవాయ్ వాళ్ల చిట్కా ఒకటుంది. పిడి వెనక కొసని గట్టి చోట టక్‌మని కొడితే బ్లేడు కొద్దిగా బయటికి తొంగిచూస్తుంది. దానికి ఫ్రెంచిలో "సవాయ్ దెబ్బ" అనే అర్థం వచ్చే పేరు కూడా ఉంది. బ్లేడు నోరు ఉన్న వైపు వేళ్లు పెట్టకుండా కొట్టండి.

కడిగేటప్పుడు బ్లేడు తెరిచి, మొన కిందికి పెట్టి బ్లేడుకి మాత్రమే నీళ్లు పోయండి. పిడిని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

#15 పొయ్యిదగ్గర

గుండ్రాయి గారు కడగడం అన్నారు కాబట్టి చెప్తున్నా. తిండికి మడత చాకు కొనేటప్పుడు నేను మొదట చూసేది లోపల శుభ్రం చేయడానికి వీలుందా అని. పదును తర్వాత.

బ్లేడు ముడిచినప్పుడు దాని మీదున్న రసం, పీచు, చీజ్ జిడ్డు అన్నీ పిడి లోపలికి వెళ్తాయి. వెనక వైపు మూసేసి ఉన్న పిడి అయితే అవి అక్కడే ఎండిపోతాయి. బ్యాక్ లాక్ (పిడి వెన్ను వైపు ఉండే లాక్) ఉన్నవాటిలో కీలు దగ్గర చిన్న గుంట లాంటి చోటు ఉంటుంది, మామిడి పీచు అందులో దూరిందంటే టూత్‌పిక్‌తో అరగంట. పిడి రెండు పక్కల నుంచీ ఆరపార కనిపించే రకం అయితే కుళాయి కింద పట్టి బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్దితే అయిపోతుంది. చెక్క పిడి కాకపోతేనే లెండి.

బ్లేడు మీద బొడిపెలు, గాట్లు ఎక్కువ ఉన్నవి కూడా వద్దు. తెరవడానికి పెట్టే బొటనవేలి బొడిపె ఉల్లిపాయ ముక్కల్ని గోకుతూ పోతుంది. నల్ల పూత గరుగ్గా ఉంటే బంగాళాదుంప ముక్క బ్లేడుకి అతుక్కుపోయి ఊడి రాదు.

ఇంకోటి. పచ్చి మాంసం కోసిన చాకుని తుడిచి ముడిచి, మళ్లీ తెరిచి పండు కోయకండి. వేడి నీళ్లు, సబ్బు, కీలు దాకా. అది కుదరని చోట మాంసం పని ఆ చాకుతో పెట్టుకోవద్దు.

#16 టమాటా_బాధితుడు

సిగ్గు విడిచి అడుగుతున్నా. అదే చాకుతో పార్శిళ్ల టేపు కూడా కోస్తున్నా…

#17 నిమ్మచెక్క

అయ్యో.

#18 సానరాయి

అయ్యో కాదు, అందరూ చేసేదే. టేపు జిగురు నీళ్లకి పోదు. కొంచెం నూనె రాసి రెండు నిమిషాలాగి తుడిచి, ఆపైన సబ్బుతో కడగండి. అట్టపెట్టె కోస్తే పదును కూడా చాలా తొందరగా పోతుంది. పలచటి బ్లేడు వచ్చాక ఆ లావుపాటి చాకుని పార్శిళ్లకి ఉద్యోగంలో పెట్టండి. ఆ పనికి అది నిజంగానే మంచిది.

కీలులో వేయడానికి మాత్రం వంటనూనె వాడకండి. కొన్నాళ్లకి జిగటగా గట్టిపడి చాకు తెరుచుకోదు. తిండికి పనికొచ్చే మినరల్ ఆయిల్ ఒక్క చుక్క చాలు. డిష్‌వాషర్‌లో పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

#19 రొట్టెముక్క

కొత్త సభ్యుణ్ని. రొట్టె కూడా కోయాలంటే పళ్లున్న బ్లేడు మంచిదా, నునుపుదా?

#20 పొయ్యిదగ్గర

గట్టి పెచ్చు ఉన్న రొట్టెకి పళ్లున్నదే. పండిన టమాటాకి కూడా అది మొదటి గాటు భలే పెడుతుంది, పదును తగ్గినా నెట్టుకొస్తుంది. కానీ పలచగా తరగడానికి, తొక్క తీయడానికి నునుపుదే కావాలి. సగం పళ్లు సగం నునుపు ఉన్నవి నాకు నచ్చవు, చిన్న బ్లేడులో రెండూ కుదించి దేనికీ చాలకుండా చేస్తారు.

విక్టోరినాక్స్ వాళ్లది మడిచే కూరగాయల కత్తి ఒకటుంది. 11 సెం.మీ. బ్లేడు, మామూలు వంటింటి చిన్న కత్తినే మడతపెట్టినట్టు ఉంటుంది. పళ్లతోనూ వస్తుంది, నునుపుగానూ వస్తుంది. పిడి ప్లాస్టిక్, కడగడానికి దిగుల్లేదు. చూపులకి ఏమీ ఉండదు. నా ప్రయాణం సంచీలో ఉండేది అదే.

#21 మడతచాకు

ఆ కంపెనీ స్టీలు గట్టిదనం హెచ్‌ఆర్‌సీ కొలతలో 55, 56 మాత్రమే కదా. మెత్తన. రెండు రోజుల్లో పదును పోదూ?

#22 పొయ్యిదగ్గర

చెక్క మీద కోస్తే పోదు. పోయినా రెండు నిమిషాల్లో వస్తుంది. మీ గట్టి స్టీలు పోతే డైమండ్ రాయి వెతుక్కోవాలి. పండు కోయడానికి అంత అవసరమా?

#23 స్లిప్‌జాయింట్

స్విస్ చాకుల గురించి అడిగారు కదా, ఎవరూ సూటిగా చెప్పలేదు. ముడిస్తే 91 మి.మీ. పొడవుండే ఆఫీసర్ చాకు, అంటే 1897 నాటి ఆ పాత నమూనా సంతానం, బ్లేడు వెన్ను రెండు మి.మీ. చిల్లర. వెన్ను దాకా వాలు. తెగడం బాగా తెగుతుంది. లోటు ఏంటంటే పెద్ద బ్లేడు కూడా పొట్టిదే, ఆపిల్, నిమ్మ, చీజ్ వరకూ సరే. పైగా పక్కనున్న మూత ఓపెనర్, కత్తెర సందుల్లోకి రసం దిగుతుంది. తిండికోసమే కొంటే పనిముట్లు తక్కువున్న రకం చూసుకోవాలి.

లాక్ లేదని భయపడక్కర్లేదు. కోసేటప్పుడు బలం పదును వైపు నుంచి వస్తుంది, అది బ్లేడుని ఇంకా తెరిచే వైపుకే నెడుతుంది. మొనతో పొడిచినప్పుడు, వెన్ను మీద కొట్టినప్పుడే ముడుచుకుంటుంది. గుమ్మడికాయలో గుచ్చి మెలితిప్పే పనులు దీనితో చేయకండి.

#24 మడతచాకు

లాక్ లేని చాకు తిండికైనా సరే నేను ఎవరికీ చెప్పను. తడి చేతుల్లో జారితే?

#25 స్లిప్‌జాయింట్

వంద ఏళ్లకు పైగా జనం లాక్ లేనివాటితోనే తిన్నారు సార్.

#26 మడతచాకు

వంద ఏళ్లకు పైగా వేళ్లు కూడా తెగాయి సార్.

#27 మోడరేటర్

ఇద్దరూ ఆగండి. లాక్ గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ నలభై పేజీలు నడిచింది, ఇక్కడ మళ్లీ వద్దు. లాక్ ఉన్న చాకు జేబులో పెట్టుకుని తిరగడం కొన్ని దేశాల్లో నేరం, పొడవుకి కూడా హద్దులుంటాయి. ఎవరి చోట చట్టం ఏమిటో, ఎవరి ఆఫీసు నియమం ఏమిటో వాళ్లే చూసుకోండి. విమానంలో చేతిసంచీలో పెట్టకండి.

#28 గుండ్రాయి

అసలు మడవడం ఎందుకు అని నా ప్రశ్న. ఆయన చాకు జేబులో పెట్టుకుని తిరగట్లేదు, సంచీలో డబ్బా పక్కన పెడుతున్నారు. మామూలు కూరగాయల కత్తి, దానికి ఒక ప్లాస్టిక్ ఒర. కీలు లేదు, సందు లేదు, కడగడం తేలిక, బ్లేడు 1.5 మి.మీ. లోపే. ఇంతసేపూ మనం చాకుని కత్తిలా మార్చడానికే కదా తంటాలు పడుతున్నాం?

#29 సానరాయి

నిజం చెప్పాలంటే సరైన జవాబు ఇదే. అందరం చాకుల పిచ్చోళ్లం కాబట్టి 27 పోస్టుల దాకా ఎవరి నోటా రాలేదు.

#30 టమాటా_బాధితుడు

గుండ్రాయి గారూ, మీరు చెప్పింది పూర్తిగా సబబే. కానీ నాకు మడిచేదే కావాలి. కారణం అడగొద్దు. ఆ "టక్" లేకపోతే నాకు తిన్నట్టుండదు.

#31 గుండ్రాయి

అర్థమైంది. మన జాతే.

#32 టమాటా_బాధితుడు

మూడు వారాల తర్వాత వచ్చా. ఒపినెల్ నంబర్ 8, స్టెయిన్‌లెస్ తీసుకున్నా.

మొదట క్యారెట్. పొయ్యిదగ్గర గారు చెప్పినట్టు మొన ఆనించి లాగా. చప్పుడే లేదండీ. ఠప్పు కాదు, కరకర కాదు, చివర్లో బ్లేడు చెక్కకి తగిలిన చిన్న టిక్ ఒక్కటే. ముక్క పక్కకి ఒరిగిపోయింది. కోసిన ముఖం చేత్తో తడిమితే నునుపుగా తడిగా ఉంది. పాత చాకుతో అది విరిగిన సుద్దముక్కలా గరుగ్గా ఉండేది. టమాటా అయితే అవతలి అక్షరాలు కనిపించేంత పలచన వచ్చింది, గింజలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒక తప్పు చేశా. అంత పలచటి మొన అని మర్చిపోయి ఖర్జూరం గింజ తీద్దామని గుచ్చి పక్కకి మెలితిప్పా. మొన ఒక వెంట్రుక వంగింది. పాతది అయితే లెక్కచేసేదే కాదు. పలచనకి ఇది జరిమానా అనుకుంటా.

పక్క సీటు మేడమ్ కూడా ఇప్పుడు ఈ చాకు అడిగి తీసుకుంటున్నారు. కీబోర్డు విషయం మాఫీ అయినట్టే.

#33 సానరాయి

వంగిన మొనని రాయి మీద వెన్ను వైపు నుంచి కొద్దికొద్దిగా అరగదీయండి, పదును వైపు నుంచి కాదు. అర మిల్లీమీటరు పొడవు తగ్గినా ఏం కాదు. పక్కకి ఒక్కోటి 15 డిగ్రీల దగ్గర పదును ఉంచండి, 20కి పెంచితే కోయడంలో కొంచెం మొండికేస్తుంది.

#34 టమాటా_బాధితుడు

సార్, అర్జెంటు. నిన్న మేడమ్ చాకు తీసుకుని ఆపిల్ కోసి ఇచ్చారు. ఇవాళ టమాటా తొక్క మీద జారుతోంది. ఒక్క ఆపిల్‌కే పదును పోతుందా?

#35 సానరాయి

దేని మీద పెట్టి కోశారో అడగండి.

#36 టమాటా_బాధితుడు

పింగాణీ ప్లేటు మీద.

#37 నిమ్మచెక్క

అయ్యో. ఈసారి నిజంగా.

#38 సానరాయి

పింగాణీ, గాజు లాంటి గట్టి వాటి మీద చాకు పదును నిలవదు. ఒక్క ఆపిల్‌లో ముప్పైసార్లు పదునుని దానికేసి కొట్టినట్టు. కంగారు పడకండి, చెడగొట్టిందే బాగుచేస్తుంది. మీ కాఫీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది. దాని మీద 15 డిగ్రీల వాలులో, బరువు వేయకుండా, ఒక్కో పక్క ఎనిమిది పది లాగులు, పక్కలు మారుస్తూ. చివర్లో లాగులు ఇంకా తేలిగ్గా. తర్వాత కడిగి, బెల్టు తోలు లోపలి వైపు మీద వెనక్కి నాలుగు లాగులు.

#39 టమాటా_బాధితుడు

చేశా. టమాటా తెగింది. కప్పు మేడమ్‌దే తీసుకున్నా, అడుగున బూడిదరంగు గీతలు పడ్డాయి. అవి దేనితో పోతాయి?

#40 పొయ్యిదగ్గర

వంటసోడా తడిపి రుద్దండి. ఆవిడ సీటుకి వచ్చేలోపు. రేపు వెళ్లేటప్పుడు చిన్న కోసే చెక్క ఒకటి కొని ఆవిడ బల్ల మీద పెట్టండి.